రెండు దెబ్బలు ఒక్కటయ్యేదాకా

సంక్రాంతి ముందు రోజుల్లో పలాస స్టేషనులో దిగే కుర్రాళ్ళ ఫోన్లలోని పాటలు వింటే, ఎవరు ఏ ఊళ్ళో పని చేసి వస్తున్నారో చెప్పేయవచ్చు. చెన్నై నుంచి వచ్చినవాడి దగ్గర తమిళ కుత్తు పాటలుంటాయి. హైదరాబాదు నుంచి వచ్చినవాడు తీన్మార్ తెస్తాడు. గుజరాత్‌లోని వెరావల్ రేవులో బోట్ల మీద నెలల తరబడి బతికి వచ్చిన మత్స్యకారుడికి గర్బా దరువులు వచ్చేసి ఉంటాయి. బరంపురం వైపు చుట్టరికాలున్న ఇళ్ళలో ఒడియా పాటలు ఎప్పుడూ ఉన్నవే. వీటికి తోడు బెంగుళూరు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు హౌస్, టెక్నో, ట్రాన్స్, డ్రమ్ అండ్ బేస్ మోసుకొస్తున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరినీ జీడినీ పనసనూ నేలకూల్చాక ఊరు దాటి వెళ్ళక తప్పని ఇళ్ళు ఇంకా ఎన్నో. వెళ్ళినవాళ్ళు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తారు. అమ్మవారి సంబరం రాత్రి వాళ్ళంతా ఒకే బండి ముందు చేరతారు. బండి మీద కూర్చున్న డీజే కుర్రాడు వాళ్ళందరినీ ఆడించాలి.

ఇది చిన్న పని కాదు. నగరంలోని క్లబ్బులో డీజేకు ఒక వెసులుబాటు ఉంటుంది. అక్కడికి వచ్చేవాళ్ళు ఒకే రకం సంగీతం కోసం వస్తారు, అతను రాత్రంతా అదే వాయిస్తాడు. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్ళో, టెక్కలి దగ్గర ఒక పెళ్ళిలో, కవిటి కొబ్బరితోటల మధ్య ఒక ఊరేగింపులో ఆ వెసులుబాటు లేదు. అక్కడ తాతయ్యకు జానపదం కావాలి, మేనల్లుడికి టెక్నో కావాలి, ఒడిశా నుంచి వచ్చిన వియ్యాలవారికి వాళ్ళ పాట కావాలి. ఇన్ని నడకలున్న పాటలను ఆట తెగకుండా ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి నడిపించగలవాడు నిజంగా విద్వాంసుడే. ఆ విద్యను మన ఊళ్ళలో నేర్పేవారు లేరు. నేర్చుకుంటున్నవాళ్ళను మెచ్చుకునేవాళ్ళూ తక్కువే.

విద్య లేని చోట ఏం జరుగుతోందో అందరం వింటున్నాం. ఒక పాట అయిపోతుంది. రెండో పాట వేరే వేగంలో, వేరే చోట మొదలవుతుంది. మధ్యలో పడిన సందును కప్పడానికి సైరన్ మోత, మైకులో కేక, ఆపైన వాల్యూమ్ ఇంకొంచెం. ఆడుతున్న కాళ్ళు ఒక్క క్షణం తడబడి ఆగుతాయి. ఆగిన కాళ్ళను మళ్ళీ కదిలించడానికి మరింత చప్పుడు కావాలి. రాత్రి గడిచేకొద్దీ ఆ బండి మోత పెరుగుతూ పోవడానికి డీజే పొగరు ఒక్కటే కారణం కాదు. పాట మార్చడం రాకపోవడం అంతకంటే పెద్ద కారణం.

పాట మార్చే విద్యకు మూలం బీట్ కలపడం. పైకి చూస్తే తేలిక. జనానికి ఒక పాట వినిపిస్తూ ఉంటుంది. రెండో పాట డీజే చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో మాత్రమే మోగుతుంది. ఒక చెవి బయటి బాక్సులకు, ఒక చెవి లోపలి పాటకు. రెండో పాట వేగాన్ని పిచ్ ఫేడర్ అనే మీటతో జరిపి మొదటి దాని వేగానికి తేవాలి. తెచ్చాక రెండింటి దెబ్బలూ ఒకే క్షణాన పడేలా చక్రాన్ని వేలితో కాస్త ముందుకో వెనక్కో నెట్టాలి. ఒక పాట నిమిషానికి 120 దెబ్బలతో, మరొకటి 121తో నడుస్తున్నాయనుకుందాం. తేడా ఒక్క దెబ్బే. కానీ కలిపిన అర నిమిషానికి ఒకటి రెండోదానికి సరిగ్గా సగం దూరంలో పడుతుంది. అప్పుడు వినిపించేది గుర్రం పరుగెత్తిన చప్పుడు, నాట్యం కాదు. తేడా పదో వంతుకు తగ్గితే ఆ దశకు చేరడానికి అయిదు నిమిషాలు పడుతుంది, ఈలోగా పాట మారిపోతుంది. అంటే చెవికి దొరకవలసిన తేడా అంత సన్నం.

దొరుకుతుందా అంటే దొరుకుతుంది. కాశీబుగ్గ జీడి కర్మాగారాల్లో పప్పు ఏరే ఆడవాళ్ళను చూడండి. 240 రకం అంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు, 320 రకం అంటే 300 నుంచి 320. ఆమె లెక్కపెట్టదు, తూకం వేయదు. చేయి కదులుతూనే ఉంటుంది, చూపు విడదీస్తూ పోతుంది. ఆ చూపు ఆమెకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. రోజూ గంటల కొద్దీ పప్పు మధ్య కూర్చోవడం వల్ల వచ్చింది. చెవికి కూడా అంతే అభ్యాసం కావాలి, అంతే నమ్మకం కూడా.

ఆ అభ్యాసానికి ఒక వరస ఉంది. మొదట ఒకే పాటను రెండు వైపులా పెట్టుకుని, ఒకదాని వేగం కాస్త కదిపి, తెర మీద వేగం చూపించే అంకెను కాగితంతో మూసేసి, చెవితో తిరిగి కలపాలి. కలిసినప్పుడు రెండు దెబ్బలూ ఒక్కటై, ఒకే లావుపాటి దెబ్బగా వినిపిస్తాయి. ఆ క్షణం తెలిసిన వాడికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఒకే రకం పాటలు రెండు, హౌస్‌తో హౌస్. ఇందులో నాలుగు దెబ్బలూ సమానంగా, గట్టిగా పడతాయి కాబట్టి నేర్చుకునేవాడికి ఇదే మొదటి పలక. నాలుగు దెబ్బలు ఒక ఆవర్తం, ఎనిమిది ఆవర్తాలు ఒక చరణం లాంటిది. ముప్ఫైరెండు దెబ్బలకొకసారి పాటలో ఏదో ఒకటి మారుతుంది, కొత్త వాద్యమో, ఖాళీయో. కొత్త పాట మొదటి దెబ్బ ఆ మలుపు మీదే పడాలి. దెబ్బలు కలిసినా మలుపులు కలవకపోతే వినేవాడికి కారణం తెలియదు గాని, ఏదో తప్పిందని ఒంటికి తెలుస్తుంది.

రకాలు మారిన కొద్దీ కష్టం పెరుగుతుంది, ఆనందం కూడా. హౌస్ సుమారు 120 నుంచి 128 దాకా నడుస్తుంది. టెక్నో, ట్రాన్స్ 130 దాటి 140 దాకా వెళ్తాయి. డబ్‌స్టెప్ 140లో ఉంటుంది, కానీ దెబ్బ సగానికే పడ్డట్టు బరువుగా కదులుతుంది. డ్రమ్ అండ్ బేస్ 174 చుట్టూ పరుగెత్తుతుంది, దాని దెబ్బలు వరసగా పడవు, విరిగి విరిగి పడతాయి. 126లో ఉన్న పాటను మీట జరిపి 174కు లాగలేం. లాగితే గొంతులు పిచ్చుక కూతలవుతాయి. వేగం ఆరు శాతం పెంచితేనే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి లేస్తుంది. శ్రుతిని కదలనీయని మీట ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో ఉంది, దానికీ ఒక హద్దుంది. అందుకే తెలిసినవాళ్ళు వేగాన్ని లాగరు, లెక్క మారుస్తారు. 174కు సగం 87, అది హిప్ హాప్ నడక. 140కి సగం 70. ఒక రకం నుంచి మరో రకానికి సగం మెట్టు మీదుగా దిగుతారు, రెట్టింపు మెట్టు మీదుగా ఎక్కుతారు.

ఇక్కడ మన కుర్రాళ్ళకు, న్యూయార్కు కుర్రాడికి లేని ఒక ఆస్తి ఉంది. విదేశీ నాట్య సంగీతంలో ఎక్కువ భాగం ప్రతి దెబ్బనూ నాలుగుగా విరుస్తుంది, తకధిమి తకధిమి. తీన్మార్ దరువూ, గర్బా దరువుల్లో చాలావీ, ఉత్తరాంధ్ర జానపదాల్లో చాలావీ దెబ్బను మూడుగా విరుస్తాయి, తకిట తకిట. కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలు ఒకదాన్ని చతురశ్ర గతి అనీ, రెండోదాన్ని తిశ్ర గతి అనీ అంటారు. వేగం ఒకటే అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే లోపలి చిన్న దెబ్బలు గొడవపడతాయి. హౌస్ పాటలోని పై గలగల కాసేపు తీసేసి, ఒక్క దెబ్బను మాత్రం ఉంచి, దాని మీదికి తకిట పాటను ఎక్కించాలి. బేస్ మాత్రం ఒక్క పాటదే ఉండాలి. రెండు బేస్‌లు ఒకేసారి మోగితే బాక్సులో బురదే మిగులుతుంది.

ఇంకా చిత్రం వినండి. నిమిషానికి 116 దెబ్బలతో తకిట నడకలో ఉన్న ఒక జానపదం ఉందనుకోండి. దాని లోపలి చిన్న దెబ్బలు నిమిషానికి 348. వాటిని మూడేసిగా విన్నప్పుడు అది 116. అవే చిన్న దెబ్బలను రెండేసిగా విన్నప్పుడు 174, అంటే సరిగ్గా డ్రమ్ అండ్ బేస్ వేగం. 126 హౌస్ పాటను ఎనిమిది శాతం తగ్గిస్తే 116. హౌస్‌లోంచి జానపదంలోకి, జానపదంలోంచి డ్రమ్ అండ్ బేస్‌లోకి, ఆట ఎక్కడా తెగకుండా దారి ఉంది. ఆ వంతెన మన తకిట పాటే. ఉద్దానంలో పుట్టి పెరిగిన చెవికి ఆ రెండు లెక్కలూ ఒకేసారి వినిపిస్తాయి, ఎందుకంటే అది చిన్నప్పటి నుంచి వింటున్నది అవే దరువులు.

తప్పెటగుళ్ళు చూసినవారికి ఈ మాట అతిశయోక్తి అనిపించదు. ఛాతీకి కట్టుకున్న గుండ్రటి తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో వరసగా ఎగురుతూ, పదిహేను ఇరవై మంది ఒకే దెబ్బ మీద ఉంటారు. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోతారు. ఏ యంత్రమూ వాళ్ళకు వేగం చెప్పదు. పక్కవాడి దెబ్బ వింటూ తన దెబ్బ వేయడమే అక్కడి చదువు. జముకుల కథలోని జముకు ఇంకో వింత. తోలులోంచి బిగించిన తీగను లాగే బిగువును బట్టి దాని ధ్వని పైకీ కిందికీ జారుతుంది. బొడ్డపాడులో ఉంటూ 1960లలో ఆ కళతో ఊరూరా తిరిగిన సుబ్బారావు పాణిగ్రాహి 1969లో ప్రాణాలు కోల్పోయారు. ఆయన ఇంటి మూలాలు ఒడియావి, పాటలు తెలుగువి. రెండు నడకలను ఒక ఒంట్లో ఇముడ్చుకోవడం ఈ తీరానికి కొత్త కాదు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ సినిమా ఇక్కడి జానపద కళాకారుల కథే. అందులో రఘు కుంచె సంగీతంలో వచ్చిన మన వైపు పాట డీజే బండ్ల మీద ఎంతగా మోగిందో వేరే చెప్పనక్కర్లేదు. కాని ఆ పాట ముందూ వెనకా ఏ పాట పెట్టాలో, ఎలా కలపాలో తెలిసి వాయించినవాళ్ళు ఎందరు?

ఈ విద్యకు మొదటివాడని లోకం చెప్పుకునే పేరు ఫ్రాన్సిస్ గ్రాసో. న్యూయార్కులో ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడంలో నడిచిన శాంక్చువరీ అనే క్లబ్బులో, 1970 ప్రాంతంలో, రెండు రికార్డుల దెబ్బలను చెవితో కలిపి జనాన్ని ఆపకుండా ఆడించాడు. అప్పటి రికార్డుల్లో డ్రమ్ములు వాయించింది మనుషులు. మనిషి చేయి ఒక్కోచోట ముందుకు జరుగుతుంది, ఒక్కోచోట వెనకబడుతుంది. అయినా కలిపాడు. 1972లో జపాన్ కంపెనీ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 రికార్డు ప్లేయరును తెచ్చింది. 1979లో వచ్చిన దాని రెండో రూపంలో వేగాన్ని ఎనిమిది శాతం అటూ ఇటూ జరిపే పొడుగు మీట ఉంది. ఇవాళ మన కుర్రాళ్ళ చిన్న కంట్రోలర్ల మీద ఉన్న మీటకు అదే పూర్వికురాలు. మన దేశం కూడా ఈ కథలో ఖాళీగా లేదు. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ టీఆర్-808, టీబీ-303 యంత్రాలతో పది రాగాలను డిస్కో దెబ్బ మీద వాయించి రికార్డు చేశాడు. షికాగోలో యాసిడ్ హౌస్ రికార్డులు రావడానికి అయిదేళ్ళ ముందు మాట ఇది. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక లోకం ఆశ్చర్యపోయింది.

ఇప్పుడు సింక్ బటన్ ఉంది కదా, నొక్కితే కలిసిపోదా అని అడిగేవారున్నారు. కంప్యూటరు మీద తయారైన టెక్నో పాటలకు అది బాగానే పనిచేస్తుంది. ఆ బటన్ వాడటం తప్పని మేం అనం. చేతులు ఖాళీ అయితే మిగతా సంగతులు చూసుకోవచ్చు. కానీ డెబ్భైల నాటి సినిమా పాట వచ్చినప్పుడు, ఊళ్ళో ఫోనుతో రికార్డు చేసిన తప్పెటగుళ్ళ పాట వచ్చినప్పుడు ఆ బటన్ చేతులెత్తేస్తుంది. అందులో వేగం ఒకచోట నిలబడదు. సాఫ్ట్‌వేరు గీసే గీతల మధ్య అది ఇమడదు. ఉద్దానం జనం అడిగే పాటల్లో అలాంటివే ఎక్కువ. అందుకే ఇక్కడ డీజేకు చెవి తప్పనిసరి. నగరం డీజే చెవి లేకుండా బతకగలడేమో, ఊరి డీజే బతకలేడు.

మన ఊళ్ళలో ఈ పనికి బడి అంటే సౌండ్ సర్వీసు, టెంట్ హౌసు. పదో తరగతి తప్పిన పిల్లవాడో, ఇంటర్ ఆపేసిన వాడో బాక్సులు మోయడానికి చేరతాడు. వైర్లు లాగుతాడు, జనరేటరు దగ్గర కూర్చుంటాడు, నాలుగైదు సీజన్లు గడిచాక యజమాని భోజనానికి వెళ్ళిన అరగంటలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఆ అరగంటలో నేర్చుకోగలిగిందే అతని చదువు. పగలంతా పరికరాలు ఖాళీగా ఉన్నా వాటిని ముట్టనివ్వరు, పాడవుతాయన్న భయం. భయం న్యాయమైనదే, అప్పు చేసి కొన్న సామాను. కానీ సాధనకు పెద్ద బాక్సులు అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్, ఒక చిన్న కంట్రోలర్ చాలు. పక్కింటికి కూడా వినిపించదు. ఆడపిల్లలకు ఈ పని అందకపోవడానికి కారణం బాక్సులు మోసే దారి ఒక్కటే ఉండటం. హెడ్‌ఫోన్ దారి తెరిస్తే వాళ్ళూ వస్తారు. పలాస, టెక్కలి కళాశాలల్లో పాటల పోటీలు పెడతారు, నాట్య పోటీలు పెడతారు. ఒక మూల బల్ల మీద ఈ సామాను పెట్టి, వారానికి ఒక సాయంత్రం ఒక డోలు కళాకారుణ్ణీ, చెవి ఉన్న ఒక డీజేనూ పక్కపక్కన కూర్చోబెట్టినా చాలు.

చప్పుడు సంగతి మాట్లాడకుండా ఈ వ్యాసం ముగించలేం. ఉద్దానంలో కిడ్నీ రోగి లేని వీధి అరుదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళి వచ్చి, మనిషి సత్తువ లేక మంచం మీద వాలే ఇళ్ళ ముందు నుంచే మన ఊరేగింపులు వెళ్తాయి. కిటికీ తలుపులు అదిరే బేస్ ఆ మనిషికి ఏం చేస్తుందో బండి మీదివాళ్ళకు తెలియాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు మోగకూడదు, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. మన బండ్లు ఆ హద్దులకు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పడానికి కొలిచే యంత్రం అక్కర్లేదు. మోత ముందుగా తినేది డీజే చెవులనే. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ చెవి భద్రంగా తట్టుకునే సమయం సగమవుతుందని నిపుణుల లెక్క. 85 దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, 100 దగ్గర పావు గంటే తట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళకు ఈ పనిలో చేరి ముప్ఫైకి చెవి దెబ్బతిన్నవాడు ఏ దెబ్బలను కలపగలడు?

పూర్తిగా నిషేధించాలన్న వాదన ఈ బాధలోంచే పుట్టింది, దాన్ని కొట్టిపారేయలేం. కానీ నిషేధం ఆ రాత్రికి నిశ్శబ్దం ఇస్తుంది గాని, ఆడాలని వెరావల్ నుంచి వచ్చిన మనిషికి ఏమీ ఇవ్వదు. చెవి ఉన్న డీజే తక్కువ చప్పుడుతో ఎక్కువసేపు ఆడించగలడు. అతని ఆట తెగదు కాబట్టి తిరిగి రగిలించాల్సిన పని ఉండదు. చావు జరిగిన ఇంటి ముందు మేళం ఆపే మర్యాద మనకు ఎప్పటి నుంచో ఉంది. బేస్ దించి, పై దరువు మాత్రం సన్నగా నడిపిస్తూ రోగి ఉన్న ఇల్లు దాటడం, దాటాక మలుపు మీద బేస్ మళ్ళీ అందుకోవడం అదే మర్యాదకు కొత్త రూపం. బేస్ మీటను ఎప్పుడు దించాలో తెలిసినవాడికి అది ఒక్క చేతి పని.

సంబరాల కమిటీలు డీజేలతో బేరం కుదుర్చుకునేటప్పుడు అడుగుతున్న మొదటి ప్రశ్న ఎన్ని బాక్సులు తెస్తావని. ఈసారి ఇంకోలా అడిగి చూడాలి. బయానా ఇచ్చే ముందు ఒక సాయంత్రం రామమందిరం అరుగు మీద రెండే రెండు బాక్సులు పెట్టించి, ఒక జానపదం, ఒక ఒడియా పాట, ఒక టెక్నో పాట ఇచ్చి, మైకు పట్టుకోకుండా, సైరన్ వేయకుండా, ఆపకుండా ఒకదానిలోంచి ఒకదానిలోకి తీసుకెళ్ళమనాలి. ఊరి డోలు పెద్దను పక్కన కూర్చోబెట్టుకుని వినాలి. దెబ్బ ఎక్కడ జారిందో ఆయనకు తెలుస్తుంది.